నాన్నగారు నిన్న పోట్లాడారు

ఒరేయ్ దొరా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. తిట్టుకునే ఉంటావు, ఇంకో రెండు తిట్టుకో. అందరం క్షేమం, పెద్దవాడి పరీక్షలయ్యాయి, నా నడుమునొప్పి యథాప్రకారం. ఇక అసలు సంగతి: నాన్నగారు నిన్న ఒకాయనతో పోట్లాడారు!

అమ్మ పోయాక ఆయన ఎలా అయిపోయారో నువ్వు చూశావు. కిటికీ తెర తీయబోతే "ఏముందిరా చూడటానికి" అనేవారు. మా భవనం వెనక ముక్కోణపు స్థలం గుర్తుందా? నువ్వు స్కూటర్‌తో సహా సాష్టాంగపడ్డ చోటు. (నేనేమీ అనలేదు.) అక్కడ నాలుగు చెట్లు నాటి బెంచీ వేశారు. మన పాత గది రెండింతలుంటుందేమో, అంతే. బతిమాలి తీసుకెళ్తే, ఆనుకుని లేవడానికి ఆ బెంచీకి చేతులు లేవు. నేను రెక్క పట్టి లేపాల్సి వచ్చింది. ఇక రానన్నారు. బెంచీలు చేసేవాళ్ళకు మోకాళ్ళుండవేమో! వెంటపడి చేతులున్నది వేయించాను.

తర్వాత నాన్నగారు అక్కడ ఒక మందారం కొమ్మ గుచ్చారు. నేను ఉత్సాహంగా చెంబు పట్టుకుంటే మీ చెల్లెలు ఆపింది. ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో చేసి, 1976లో ప్రచురించిన ప్రయోగం గురించి చదివిందట. కొందరికి మొక్క ఇచ్చి మీరే పెంచుకోండన్నారు, చిన్న చిన్న నిర్ణయాలూ వాళ్ళకే వదిలారు. మిగతావాళ్ళ మొక్కలకు నర్సులే నీళ్ళు పోశారు. మూడు వారాలకు మొదటివాళ్ళే హుషారుగా తేలారు. చెంబు కింద పెట్టేశాను.

నిన్న పొద్దున ఎదురింటి పెద్దాయన జాలిపడి దానికి నీళ్ళు పోశారు. నాన్నగారు కణుపు దాకా మట్టిలో వేలు గుచ్చి, ఆ బురద వేలు ఆయన ముఖం ముందు ఆడిస్తూ "వేరు కుళ్ళదూ?" అని అరగంట వాదించారు. ఎనిమిది నెలల తర్వాత ఆ గొంతు విన్నానురా. నేను విడదీయలేదు, గోడ చాటున నిలబడి... సరే, ఆ సంగతి వద్దు.

రాత్రి మందు లేకుండానే నిద్రపోయారు. పగలు ఎండలో తిరిగినందుకో, పోట్లాడినందుకో! అమ్మ ఉంటే మాత్రం నీళ్ళు పోసినాయన పక్షమే...

ఉండు, తలుపు కొడుతున్నారు. ఆయనే వచ్చారు, చేతిలో ఇంకో కొమ్మ! నాన్నగారు చెప్పులు వెతుకుతున్నారు. నేను వెళ్ళాలి. గొడుగు సంగతి మరోసారి