48 ఫొటోల వెనకున్న చేతులకు నమస్కారం

ఆఖరి ప్రింటు ఆరిపోయింది. నిన్న రాత్రి దండెం మీంచి తీశాను. ఇక ఆలస్యం చేస్తే బాగోదు. "బట్టలు లేవు, మనుషులు లేరు, ఎవరైనా సాయం చెయ్యండి" అని డిసెంబరులో అడిగింది నేనే. ఆ మాట విని ఎవరెవరు వచ్చారో, ఏమేం చేశారో అందరికీ తెలియాలి. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందు సంగతి చెబుతాను. మా తాతయ్య రెండో ప్రపంచయుద్ధంలో మిలటరీ లారీ నడిపారు. బర్మా వెళ్లారు. ఆ రోజుల నాటి ఫొటో మా ఇంట్లో ఒక్కటే ఉంది. బయల్దేరేముందు బెజవాడ స్టూడియోలో, స్టూలు మీద చెయ్యి ఆనించి తీయించుకున్నది. తిరిగొచ్చాక యుద్ధం మాట ఎత్తేవారు కాదట. నాయనమ్మతో మాత్రం ఒకసారి "ఐరావతి దాటుతుంటే మన కృష్ణ గుర్తొచ్చింది" అన్నారట. యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యంలో 25 లక్షల మంది ఉన్నారు. బర్మాలో పోరాడిన 14వ ఆర్మీలో సగానికి పైగా మనదేశం వాళ్లే. మా తాతయ్య వాళ్లలో ఒకరు. ఆయన చూసినవాటిలో మూడింటినైనా నటులతో ఫొటోలు తీసి కళ్లముందుకు తెచ్చుకోవాలనిపించింది. గుంటూరులో ఒక కొడుకు గడప దాటడం, 1942లో దీపాలు కప్పేసిన బెజవాడ ఇల్లు, 1945 ఫిబ్రవరిలో బర్మాలోని ఐరావతి నది రేవు. అదీ ఆ కాలం కెమెరాతో, ఫిల్ము మీద.

యూనిఫారాలు అద్దెకిస్తామన్న ఒకచోట అడ్వాన్సు కట్టాను. షూటింగుకు నాలుగు రోజుల ముందు "వేరేవాళ్లకు ఇచ్చేశాం" అన్నారు. అడ్వాన్సు ఇంకా రాలేదు. షూటింగు వాయిదా వేసుకుని, ఆ రాత్రే మీ అందరినీ సాయం అడిగాను.

మొదటి నమస్కారం వన్‌టౌన్ టైలరు మాస్టారికి. పాత ఫొటోలు నాలుగు చూపిస్తే భూతద్దం పెట్టి కుట్లు లెక్కపెట్టారు. ఏడు జతల ముతక ఖాకీ చొక్కాలు, వెడల్పు నిక్కర్లు పది రోజుల్లో కుట్టిచ్చారు. కుట్టుకూలి సగమే తీసుకున్నారు. నడుము పట్టీలకు, భుజాల పట్టీలకు ఏం వాడాలని నేను తల పట్టుకుంటే, మంచాలకు అల్లే నవారు తెచ్చి ముందు పెట్టింది ఆయనే. 1937 నమూనా పట్టీలు కూడా నేసిన నూలువే కదా! వాటికి రంగు పట్టించింది మాత్రం జాలరి కుటుంబం. వలలకు వేసినట్టే తుమ్మచెక్క రసంలో నానబెట్టారు. ఆరాక వచ్చిన రంగు నేను ఏ డబ్బాలోనూ కొనగలిగేది కాదు.

హెల్మెట్లు ఆటోనగర్‌లో పుట్టాయి. డెంటింగు పనిచేసే తమ్ముడొకరు రేకును అచ్చు మీద కొట్టి, పళ్లెం బోర్లించినట్టుండే ఆ ఆకారం తెచ్చాడు. రంగు వేశాక తళతళ మెరిసింది. యుద్ధంలో మెరిసే హెల్మెట్టు ప్రాణానికే ముప్పు కాబట్టి అప్పట్లో ఉపరితలం గరుకుగా ఉండేలా చేసేవారు. జల్లించిన కృష్ణ ఇసుక రంగులో కలిపి మళ్లీ వేశాడు. ఏడింటికీ పైసా పుచ్చుకోలేదు.

తుపాకుల కథ కొంచెం పెద్దది. కొండపల్లి బొమ్మల కళాకారుడొకరు తనంత తానే ముందుకొచ్చి, లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలు కొలతలు అడిగారు. పొడవు 44న్నర అంగుళాలు. తెల్లపొణికి చెక్కతో ఏడు చెక్కి, రంగులు వేసి తెచ్చారు. అడుగు దూరంలో చూసినా అసలువే అనిపించాయి. నల్లపాడు నుంచి వచ్చిన రిటైర్డ్ హవల్దారు బాబాయి ఒకటి చేతిలోకి తీసుకుని నవ్వలేదు, మెచ్చుకోలేదు. "దీనికి బరువే లేదు. వీళ్ల భుజం ఎందుకు వంగుతుంది?" అన్నారు. అసలు రైఫిలు 4 కిలోలకు దగ్గర. పొణికి పూచికపుల్లలా తేలిక. బొమ్మలకు ఆ తేలికే అందం, మాకు మాత్రం అదే అడ్డమైంది. కళాకారుడు చిన్నబుచ్చుకోలేదు. ఏడూ తిరిగి తీసుకెళ్లి, లోపల తొలిచి ఇనుప కడ్డీలు దించి, పైన చెక్క మూసి అతికించి తెచ్చారు. ఆ బరువు ఫొటోలో కనబడుతుంది. ఇసుకలో నడుస్తున్న వరసలో మూడో అబ్బాయి కుడిభుజం చూడండి.

బాబాయి అక్కడితో ఆగలేదు. తెనాలి నుంచి వచ్చిన ఏడుగురూ పరిషత్తు నాటకాల్లో పండినవాళ్లు. ఆఖరి వరసలో కూర్చున్నవాడికి కూడా ముఖం అందించడం వాళ్ల విద్య. కెమెరా ముందు అదే చేశారు. కళ్లు పెద్దవి చేశారు, దవడలు బిగించారు. బాబాయి వాళ్లను ఏమీ అనకుండా, తడిపిన బూట్లు తొడిగించి, సామానంతా భుజాన వేయించి, ఏటి మధ్య లంక ఇసుకలో రెండు కిలోమీటర్లు నడిపించారు. "మాట్లాడొద్దు, నడవండి." తిరిగొచ్చేసరికి ఎవరి ముఖంలోనూ నటన మిగల్లేదు. అప్పుడు "ఇప్పుడు తియ్యి" అన్నారు నాతో. ఆ ఏడుగురికీ నా దండాలు. వేరే నాటకం కోసం మూడు నెలలుగా పెంచుకున్న గడ్డం ఈ రెండు రోజుల కోసం తీసేసిన తమ్ముడికి ప్రత్యేకంగా. ఆ నాటకంవాళ్లను ఒప్పించడానికి వాళ్లింటికి నేను కూడా వెళ్లి ఉండాల్సింది. రాలేకపోయినందుకు క్షమించు నాయనా.

సైనికుడని నమ్మించే ఉద్దేశంతో సైన్యం దుస్తులు వేసుకోవడం చట్టప్రకారం నేరం. మావి ఎనభై ఏళ్లనాటి నమూనాలే అయినా లాయరు అక్క ఊరుకోలేదు. ఎవరెవరం, ఎప్పుడు, ఎక్కడ, చేతిలో ఏముంటాయి అన్నీ రాసి స్టేషనులో ఇప్పించింది. లంకకు చేరేదాకా తుపాకుల మూతికి ఎర్రగుడ్డ కట్టించి, గోనెసంచుల్లో పెట్టించింది. దారిలో మమ్మల్ని చూసి ఒక్కరూ కంగారుపడలేదంటే అది ఆవిడ పుణ్యమే.

ఇక కెమెరా. గవర్నర్‌పేటలో ఒకప్పుడు స్టూడియో నడిపిన మాస్టారు తన బీరువాలోంచి యుద్ధానికి ముందునాటి జైస్ ఇకాన్ మడత కెమెరా తీసి నా చేతిలో పెట్టారు. 120 సైజు ఫిల్ము, రోలుకు ఎనిమిదే ఫొటోలు. ముడతల తిత్తిలో టార్చి పెట్టి చీకటి గదిలో చూస్తే మూడుచోట్ల చుక్కల్లా వెలుగు కారింది. నల్లగుడ్డ అతికించి సరిచేశాం. అయినా పరీక్షకు తీసిన రోలులో ప్రతి ప్రింటు మీదా తెల్లటి గుండ్రటి మచ్చ. నాకు ఏడుపొక్కటే తక్కువ. మాస్టారు నెగటివును కిటికీకి అడ్డంపెట్టి చూసి, కెమెరా వెనక నెంబరు కనబడే ఎర్ర కిటికీ చూపించారు. "ఇది ఆర్థో ఫిల్ముల కాలంలో పెట్టింది. దానికి ఎరుపు తెలియదు. నువ్వు వేసిన పాంక్రోకి అన్ని రంగులూ తెలుసు. మన ఎండలో అదే దొంగదారి." నల్లటేపు ముక్క తలుపులా అతికించి, ఫిల్ము తిప్పేటప్పుడు మాత్రం నీడలో తెరవమన్నారు. ఆ తర్వాత ఆరు రోల్సులో ఒక్క మచ్చ లేదు.

ఫోనులో తీసి పాత రంగు పూస్తే సరిపోదా అని చాలామంది అడిగారు. ఆ కాలం లెన్సుకు పూత ఉండదు. ఎదురువెలుగు పడితే నీడల్లోకి పాలు చిలికినట్టు తెలుపు జారుతుంది. మంచులో పడవ ఫొటోలో జరిగింది అదే. పైనుంచి పూసినది ఫొటో అంతా ఒకేలా ఉంటుంది. ఇది వెలుగు ఎటునుంచి వస్తే అటే ఉంటుంది. నా కంటికి ఆ తేడా చాలా పెద్దది.

డెవలపింగూ మాస్టారి వంటింట్లోనే. ఎఫ్‌పీ4 ప్లస్ ఫిల్ము, డి-76 అనే డెవలపరు మందు, 20 డిగ్రీల దగ్గర ఎనిమిదిన్నర నిమిషాలు. జనవరిలోనైనా బెజవాడ కుళాయి నీళ్లు 20కి ఎక్కడ దిగుతాయి? అమ్మగారు ఫ్రిజ్‌లో ఐసు పెట్టి, స్టీలు బేసిన్లో సీసాలన్నీ కూర్చోబెట్టి, కడిగే నీళ్లు కూడా అదే చల్లదనానికి తెచ్చారు. ఒకటి చల్లగా, ఇంకొకటి వెచ్చగా ఉంటే ఫిల్ము మీది జిగురుపొర ముడతలు పడుతుంది. ఆ రెండు రాత్రులూ వాళ్లింట్లో చన్నీళ్లకూ, ఐసుకూ కరువే. అమ్మగారూ, మీకు పాదాభివందనం.

గడప దాటే ఫొటో అరండల్‌పేటలోని ఒక పాత మిద్దెలో తీశాం. తీస్తున్నంతసేపూ ఆ ఇంటి మామ్మగారు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను రాసుకున్నది ఇది: కొడుకు మెట్టు దిగుతుంటే తల్లి చెంగుతో కళ్లు ఒత్తుకుంటుంది. రెండు ఫొటోలు తీశాక మామ్మగారు పిలిచారు. "గడప దాటేవాడి ఎదుట కన్నీళ్లు పెట్టరురా అబ్బాయ్. వాడు మలుపు తిరిగాక, లోపలికెళ్లి పెట్టుకుంటారు." మరి తల్లి ఏం చేస్తుందని అడిగాను. "పని చేస్తది. మూట సరిగ్గా కట్టిందా లేదా అని చూస్తది." తల్లి పాత్ర వేసిన అక్క సున్నుండల మూట ముడి మళ్లీ విప్పి మళ్లీ కట్టింది, కొడుకు వైపు చూడనేలేదు. కొడుకు అమ్మనే చూస్తున్నాడు. మామ్మగారు తనే బిందె పట్టుకుని వీధిలోంచి ఎదురొచ్చారు, శకునం బాగుండాలని. ఆ ఫొటోలో కుడివైపు అంచున సగం కనబడే ఆవిడ ఆమే. 48లో నాకు ఇదొక్కటి మిగిలినా చాలు. చీరల విషయంలోనూ నన్ను కాపాడింది మామ్మగారే. యుద్ధకాలంలో బట్ట దొరక్క జనం నానా అవస్థ పడ్డారు, ప్రభుత్వం నూలు బట్టల మీద కంట్రోలు పెట్టింది. నేను తెచ్చిన కొత్త నేత చీర చూసి "ఇంత పెళపెళలాడేది ఎవరు కట్టారు?" అని, తన పాత మంగళగిరి చీర పెట్టెలోంచి తీసిచ్చారు.

దీపం ఫొటోకు ముందు జరిగినదీ చెప్పాలి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేశాయి. కోస్తా అంతా భయం పాకింది. విమానాలకు వెలుగు కనబడకూడదని కిటికీలకు గోధుమరంగు కాగితాలు, లాంతరుకు అట్ట. ఆ వెలుగులో తండ్రి ఉత్తరం చదువుతుంటాడు. ఉత్తరం కవరు నేనే తయారుచేశాను. తపాలా బిళ్లలు సేకరించే పెద్దాయన ఒకరు చూసి, మూడు తప్పులు పట్టుకున్నారు. చిరునామాలో పిన్‌కోడు రాశాను. పిన్‌కోడు వచ్చింది 1972 ఆగస్టు 15న. విజయవాడ అని రాశాను, ఆనాటి తపాలా వాళ్లకు అది బెజవాడ. బిళ్ల మీద నాలుగు సింహాలున్నాయి, ఉండాల్సింది ఆరో జార్జి. ఆయన దగ్గర ఆ రోజుల నాటి సెన్సారు ముద్ర ఉన్న అసలు కవరుంది. దాన్ని చూసి నకలు చేసుకోనిచ్చారు. ఫొటోలో అక్షరాలు కనబడవు కదా అన్నాను. "చేతిలో పట్టుకున్నవాడికి కనబడతాయి" అన్నారు. నిజమే. తండ్రి పాత్ర వేసిన రిటైర్డ్ టీచరుగారు నాలుగు సెకన్ల ఎక్స్‌పోజరు మొత్తం ఊపిరి బిగబట్టి ఆ కవరునే చూస్తూ ఉండిపోయారు.

లంక రైతు అన్న పసుపు తీసేసిన చెలక మాకు వదిలిపెట్టాడు. కందకం నడుము లోతు దాటనివ్వలేదు. ఇసుక గోడ ఎప్పుడు కూలుతుందో చెప్పలేమని, తవ్వినంతసేపూ గట్టు మీదే నిలబడ్డాడు. పడవ తాత తన నాటుపడవకున్న ఇంజను విప్పి ఒడ్డున పెట్టి, గెడకర్రతోనే అటూ ఇటూ ఆరుసార్లు దాటించాడు. ఆరున్నరకు మంచు దట్టంగా ఉంది. అవతలి కరెంటు తీగలన్నీ అందులో కలిసిపోయాయి. ఎనిమిదికల్లా విడిపోయింది. ఆ గంటన్నరలో తీసినవే ఐరావతి ఫొటోలన్నీ. తెల్లారుజామున ఐదింటికే పులిహోర గిన్నెతో వచ్చిన పిన్నికీ, సెలూను అన్నకూ, మందుల పెట్టెతో రెండు రోజులూ ఉన్న డాక్టరు చెల్లికీ కూడా నా కృతజ్ఞతలు.

ప్రతి ప్రింటు వెనకా పెన్సిలుతో "ఇది నటించి తీసినది" అని, సంవత్సరం, చోటు రాస్తున్నాను. ముప్పై ఏళ్ల తర్వాత ఎవరి చేతికో చేరి, బర్మాలో తీసిన అసలు ఫొటో అనుకుంటే నిజంగా అక్కడికి వెళ్లినవాళ్లకు అన్యాయం జరుగుతుంది. మీ దగ్గరకొచ్చిన కాపీల మీద ఆ రాత చెరపొద్దని మనవి.

పాల్గొన్న ప్రతి ఒక్కరికీ ఒక ప్రింటు సిద్ధంగా ఉంది. తెనాలివి ఆదివారం నేనే తెస్తాను. పడవ తాతకు నిన్ననే ఇచ్చొచ్చాను. ఒక్కటి మాత్రం ఎవరికివ్వాలో తెలియక నా బల్ల మీదే ఉంది. రెండో రోజు ఉదయం కరకట్ట మీద ట్రాక్టరు నడుపుకుంటూ వచ్చి, మమ్మల్ని చూసి, అడక్కుండానే ఇంజను ఆపేసి, దుమ్ము లేవకూడదని ఇరవై నిమిషాలు అక్కడే కూర్చున్న అన్నా, మీ పేరు అడగడం మర్చిపోయాను. ఇది చదివితే, లేదా మిమ్మల్ని ఎరిగినవాళ్లు చదివితే, ఒక్క కబురు పెట్టండి.