కారు తాళం తిరగకపోతే కీ మీద బలం పెట్టకండి

సంపాదకుల వారికి,

నమస్కారం. పొద్దున ఆఫీసు వేళకు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారెక్కి కీ పెడితే తిరగదు. ఇంకాస్త గట్టిగా తిప్పుతారు. అయినా తిరగకపోతే పక్క ఫ్లాటు వాళ్ళో వాచ్‌మనో కటింగ్ ప్లేయర్ తెచ్చిస్తారు. దాంతో పట్టి తిప్పగానే కీ మెడ దగ్గర విరిగి, సగం ముక్క తాళంలోనే ఉండిపోతుంది. అరనిమిషంలో తేలిపోవాల్సిన పని లాక్ సెట్ మొత్తం మార్చేదాకా పోతుంది. మన నగరంలో ఇది తరచూ జరిగేదే. చాలాసార్లు తప్పు తాళానిది కాదు, స్టీరింగ్‌ది. కార్ల తాళాలు, ఎలక్ట్రికల్ పని చేసేవాళ్ళుగా ఈ సంగతి మీ పాఠకులకు వివరంగా చెప్పాలని రాస్తున్నాం.

కీ బయటికి తీసి స్టీరింగ్ కొంచెం కదిపితే టక్కుమని చప్పుడు వస్తుంది. స్టీరింగ్ కింది గొట్టం లాంటి భాగం, అంటే కాలమ్‌లోని ఉక్కు పిన్ను స్ప్రింగు తోపుకు ముందుకొచ్చి, మధ్యలో తిరిగే షాఫ్ట్ గాడిలో కూర్చున్న చప్పుడు అది. దొంగ వైర్లు కలిపి ఇంజన్ స్టార్ట్ చేసినా బండిని మలుపు తిప్పుకోలేకుండా చేసిన ఏర్పాటు. కీ తిప్పినప్పుడు ఈ పిన్ను గాడిలోంచి వెనక్కి రావాలి. ముందు చక్రం ఫుట్‌పాత్ రాయికి ఆని ఉన్నా, చక్రాలు మెలితిరిగి ఉండగా బండి ఆపినా ఆ టైరు ఒత్తిడి షాఫ్ట్ మీదుగా వచ్చి పిన్నును గాడి గోడకు అదిమి పడుతుంది. ఇంట్లో తలుపు కిందికి దిగి గడియ పట్టేసినప్పుడు గడియను ఎంత లాగినా రాదు. తలుపును కాస్త నెట్టి పట్టుకుంటే అదే జారి వస్తుంది. ఇక్కడ స్టీరింగ్ తలుపు, పిన్ను గడియ.

అందుకే ముందు ఎడమ చేత్తో స్టీరింగ్‌ను అటూ ఇటూ కదిపి చూడాలి. ఒకవైపు గోడకు తగిలినట్టు గట్టిగా ఆగిపోతుంది. రెండోవైపు రవ్వంత, మహా అయితే అరంగుళం మేర, ఒదుగుతున్నట్టు తెలుస్తుంది. ఆ ఒదిగే వైపుకే స్టీరింగ్‌ను బలంగా లాగి పట్టుకుని, కుడిచేతి బొటనవేలు, చూపుడువేలుతో మాత్రమే కీ తిప్పాలి. బలమంతా ఎడమ చేతిదే, కుడి చేతిది కాదు. రెండూ ఒకేసారి జరగాలి. స్టీరింగ్ వదిలేసి కీ తిప్పితే పిన్ను మళ్ళీ పట్టేస్తుంది. తాళం వీడిన క్షణంలో స్టీరింగ్ చేతిలో జర్కు ఇస్తుంది కనుక వేళ్ళు దాని చువ్వల మధ్య పెట్టకండి. కీ ‘ఆన్’ దాకా వచ్చాక ఒక్క క్షణం ఆగి స్టార్ట్ చేయండి.

టైరు రాయికి గట్టిగా ఒత్తుకుని ఉంటే ఒక్కరి బలం చాలకపోవచ్చు. చదునైన చోటైతే క్లచ్ తొక్కి, గేరు న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేక్ దించి, ఇద్దరు మనుషులు బండిని నాలుగంగుళాలు వెనక్కి నెడితే ఒత్తిడి పోతుంది. వాలులో మాత్రం ఈ పని ఎంతమాత్రం చేయకండి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు బ్రేకుకు ఇంజన్ ఇచ్చే వాక్యూమ్ (గాలి పీల్పు) సాయం కొత్తగా అందదు. రెండుమూడు తొక్కులకే పెడల్ రాయిలా బిగుస్తుంది, స్టీరింగ్ ఎలాగూ లాక్‌లో ఉంది. బండి జారితే ఆపడం కష్టం. హ్యాండ్ బ్రేక్ అలాగే ఉంచి, చక్రాలకు రాళ్ళు పెట్టి, ఒకరు రెండు చేతులతో స్టీరింగ్ లాగి పడితే ఇంకొకరు కీ తిప్పాలి.

బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాల్లో, సెల్లార్ ర్యాంపుల దగ్గర రోజూ బండి పెట్టేవాళ్ళకు ఇంకో మాట. బండి ఆపాక కాలి బ్రేకు మీద కాలుంచే హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగండి. తర్వాత కాలు మెల్లగా తీసి, బరువంతా హ్యాండ్ బ్రేక్ మీద నిలిచిందని చూసుకున్నాకే ఇంజన్ ఆపి గేరులో పెట్టండి. దిగుడులో ముందు చక్రాలను ఫుట్‌పాత్ వైపు తిప్పి ఉంచడం మంచి అలవాటు, అది మానొద్దు. బండి బరువు టైరు మీదుగా రాయిని నెట్టకుండా చూసుకుంటే చాలు.

స్టీరింగ్ ఫ్రీగా తిరుగుతోంది, కీ మాత్రం కదలడం లేదు. అప్పుడు అనుమానం కీ మీదో, తాళం బ్యారెల్ (కీతో పాటు తిరిగే గుండ్రటి లోపలి భాగం) మీదో పెట్టుకోవాలి. బ్యారెల్ లోపల అడ్డంగా కోసిన సన్నటి చీలికల్లో ఎనిమిదో పదో పల్చటి లోహపు రేకులు ఉంటాయి. ఒక్కోదానికి ఒక చిన్న స్ప్రింగు. సరైన కీ దూరగానే దాని గాళ్ళు ప్రతి రేకునూ బ్యారెల్ ఒంటికి సమంగా సర్దుతాయి. ఒక్క రేకు అర మిల్లీమీటరు పొడుచుకొచ్చినా బ్యారెల్ తిరగదు. రోజుకు ఆరుసార్లు వాడే కీ పదేళ్ళలో ఇరవై వేల సార్లకు పైగా ఈ రేకుల మీద ఒరుసుకుంటుంది. పాత కీని కొత్త స్పేర్ కీ పక్కన పెట్టి వెలుతురులో చూడండి. కొత్తదాని గాళ్ళ అంచులు పదునుగా ఉంటాయి, పాతదానివి నది రాళ్ళలా గుండ్రబడి ఉంటాయి. ఆ గుండ్రదనం తాళం తిరగకపోవడానికి ఒక కారణం.

కాబట్టి చేయాల్సిన మొదటి పరీక్ష స్పేర్ కీతో. దాంతో తేలిగ్గా తిరిగితే కీ అరిగింది, బ్యారెల్ బాగానే ఉంది. దాంతో కూడా పట్టేస్తుంటే తేడా బ్యారెల్‌లో ఉంది. స్పేర్ దగ్గర లేనప్పుడు కీని పూర్తిగా దూర్చి, రూపాయి బిళ్ళ మందం మేర వెనక్కి లాగి, మెల్లగా తిప్పి చూడండి. రెండువైపులా గాళ్ళున్న కీ అయితే తిరగేసి పెట్టి చూడండి. ఏదో ఒక రేకు ఇరుక్కుని ఉంటే, కీ లోపల ఉండగా స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో బ్యారెల్ ముఖం మీద రెండుమూడుసార్లు సుతారంగా తట్టినా వదులుతుంది. ఇవన్నీ ఆ పూటకు ఇల్లు చేరడానికే. కీని గాజు బల్ల మీద పెట్టి ఒకవైపు లేస్తోందేమో కూడా చూడండి. వంగిన కీని సుత్తితో చక్క చేసి వాడొద్దు. చక్క చేసిన చోటే అది విరుగుతుంది.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తున్నారు. కీ అరిగిందని తెలిశాక దాన్నే కోఠీలోనో ఇంటి దగ్గరి సందులోనో తాళాలు చేసేవాళ్ళకిచ్చి డూప్లికేట్ చేయిస్తారు. ఆ మిషను పాత కీ అంచును తడుముతూ పక్కనున్న కొత్త కీని కోస్తుంది. అరుగుదల కూడా ఉన్నదున్నట్టు కొత్త కీలోకి దిగుతుంది. దాన్నుంచి ఇంకోటి చేయిస్తే ఇంకా పలచన. తప్పు తాళాలు చేసేవాళ్ళది కాదు, వాళ్ళ చేతికి ఇచ్చిన నమూనాది. అసలు వాడని స్పేర్ కీ నమూనాగా ఇవ్వండి. లేదా కొత్త కారుతో పాటు కీల గుత్తికి కట్టి ఇచ్చే చిన్న బిళ్ళ మీది నంబరు ఇవ్వండి. ఆ నంబరును బట్టి కోస్తే కొలతలు కంపెనీవే వస్తాయి. బిళ్ళను కారులో ఉంచకండి, ఇంట్లో కాగితాలతో దాచండి.

తాళం బిరుసెక్కిందని కొబ్బరినూనె, ఇంజన్ ఆయిల్ పోయడం ఇంకో అలవాటు. వారం రోజులు హాయిగా తిరుగుతుంది. మన రోడ్ల దుమ్ము ఆ నూనెకు అంటి ముద్దవుతుంది. రేకుల స్ప్రింగులు ఆ ముద్దలో కూరుకుని పైకి లేవవు. శుభ్రం చేయాలంటే ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేకు సన్నటి గొట్టం తగిలించి ఒక్క సెకను కొట్టండి. కీని పదిసార్లు దూర్చి తీస్తూ ప్రతిసారీ పాత బనియన్ గుడ్డతో తుడవండి. గుడ్డకు నల్ల మరక అంటినంత కాలం లోపల మురికి ఉన్నట్టే. పది నిమిషాలు ఆరనిచ్చి, గ్రాఫైట్ పొడి ఒక్క చిటికెడు ఊది, మళ్ళీ పదిసార్లు కీ ఆడించండి. గ్రాఫైట్ దొరక్కపోతే మెత్తటి పెన్సిల్ ములుకు కీ గాళ్ళ మీద రుద్దినా కొంత పని చేస్తుంది. ఎక్కువ పోయకూడదు. బ్యారెల్ వెనకే ఇగ్నిషన్ స్విచ్ ఉంటుంది, గ్రాఫైట్ కరెంటు పారే పదార్థం. నూనె, గ్రాఫైట్ కలిపితే మాత్రం లోపల గట్టి ముద్దవుతుంది. స్ప్రే కొట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి, పక్కన నిప్పు ఉండకూడదు.

వరద నీళ్ళు చొరబడిన కార్ల సంగతి వేరు. 2020 అక్టోబరు వానలకు నిండినట్టు సెల్లార్ నిండి బండి మునిగితే, నీళ్ళు దిగాక తాళంలో ఒండ్రు ఆరి గట్టిపడుతుంది. అప్పుడు కీ తిరగకపోవడమే నయం. తిరిగి ఇంజన్ స్టార్ట్ అయితే లోపలికి లాగిన నీళ్ళకు ఇంజన్ పగిలే ప్రమాదముంది. తాళం జోలికి పోకుండా బండిని వర్క్‌షాపుకు లాగించండి.

కొన్ని చిన్న విషయాలు. కొన్ని ఆటోమేటిక్ కార్లలో లీవరు పూర్తిగా ‘పి’ (పార్కింగ్) లోకి పడకపోతే కీ వెనక్కి తిరగదు, బయటికి రాదు. లీవరు మళ్ళీ గట్టిగా ముందుకు నెడితే చాలు. చాలా ఏఎంటీ (మాన్యువల్ గేరుబాక్సే ఉండి, క్లచ్, గేరు పని యంత్రం చేసే) కార్లకు ‘పి’ ఉండదు కనుక వాటికి ఈ సంగతి వర్తించదు. కొన్ని కార్లలో కీ బయటికి రావాలంటే లోపలికి నొక్కుతూ తిప్పాలి. ఒకసారి స్టార్ట్ కాకపోతే కీని పూర్తిగా వెనక్కి తెచ్చేదాకా రెండోసారి స్టార్టింగ్‌కు వెళ్ళనివ్వని కార్లూ ఉన్నాయి. కీ బాగానే తిరిగి ఇంజన్ ఉలకకపోతే అది తాళం రోగం కాదు. బ్యాటరీనో, కీలోని ఇమ్మొబిలైజర్ చిప్పునో (సరైన కీ అని గుర్తుపడితేనే ఇంజన్‌ను స్టార్ట్ కానిచ్చేది) చూడాలి. బటన్ స్టార్ట్ కార్లకూ స్టీరింగ్ లాక్ ఇరుక్కుంటుంది. స్టీరింగ్‌ను మెల్లగా అటూ ఇటూ ఆడిస్తూ బటన్ నొక్కాలి.

కీల గుత్తి గురించి చెప్పకుండా ఉండలేం. ఇంటి తాళం, బీరువా తాళం, ఆఫీసు డ్రాయరు తాళం, దేవుడి బిళ్ళ, తోలు ముక్క అన్నీ కారు కీకే వేలాడదీస్తారు. గుంతల్లో బండి ఎగిరినప్పుడల్లా ఆ బరువు బ్యారెల్‌ను కిందికి గుంజుతుంది. 2014లో అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ లోపంతో సుమారు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. స్విచ్ పట్టు చాలక, గుత్తి బరువుకో కుదుపుకో కీ నడుస్తున్న బండిలోనే ‘ఆన్’ నుంచి వెనక్కి జారేది. ఇంజన్ ఆగేది, పవర్ స్టీరింగ్, బ్రేకు సాయం పోయేవి, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. ఆ కంపెనీ బాధితుల కోసం పెట్టిన పరిహార నిధి అంగీకరించిన మరణాలే 124. స్విచ్ మార్చేదాకా గుత్తి తీసేసి ఒట్టి కీతోనే నడపండని ఆ కంపెనీ చెప్పింది. మన కార్లలో ఆ లోపం లేకపోయినా, కారు కీని విడిగా ఉంచుకోవడానికి ఖర్చేమీ లేదు కదా.

అన్నిటికన్నా ముఖ్యమైనది వాయిదా వేయకపోవడం. తాళం ఒక్కసారిగా మొరాయించదు. ముందు రెండోసారికి తిరుగుతుంది, తర్వాత నాలుగోసారికి. ఆ దశలోనే వర్క్‌షాపుకు వెళ్ళాలి. చాలా కార్లలో బ్యారెల్ బయటికి తీయాలంటే కీని ఒక మెట్టు తిప్పి, పక్కనున్న చిన్న రంధ్రంలోంచి సన్నటి కడ్డీతో లోపలి పిన్ను నొక్కి లాగాలి. కీ తిరిగినంత కాలం అది కాసేపటి పని. తిరగడం పూర్తిగా ఆగిపోతే చాలా సందర్భాల్లో బ్యారెల్‌ను డ్రిల్ చేయాల్సి వస్తుంది. స్టీరింగ్ లాక్ మొత్తం విప్పాల్సి వస్తే ఇంకా కష్టం. దాన్ని పట్టి ఉంచే బోల్టుల తలలు బిగించినప్పుడే తెగిపోయేలా చేసి ఉంటాయి, ఉలితో కొట్టి తిప్పాలి.

ఈ పని చేయించేటప్పుడు దగ్గరుండి మూడు చూసుకోండి. ముందు పది నంబరు స్పానర్‌తో బ్యాటరీ నెగెటివ్ తీసి, ఎయిర్‌బ్యాగు చార్జి దిగేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి. ఎయిర్‌బ్యాగు వైర్ల పసుపు రంగు కనెక్టర్ల జోలికి పోకూడదు. బ్యారెల్ మూతి చుట్టూ ఉండే ఇమ్మొబిలైజర్ రింగును పగలకుండా తీసి కొత్తదానికి తొడగాలి, లేకపోతే కీ తిరిగినా బండి స్టార్ట్ కాదు. బ్యారెల్ ఒక్కటే మారిస్తే డోరుకో కీ, ఇంజన్‌కో కీ మోయాలి. పాత కీ నంబరు ఉంటే కొత్త రేకులను దానికి సరిపోయేలా అమర్చవచ్చు.

కీ విరిగి ముక్క లోపలే ఉండిపోతే పిడి వైపు ముక్కతో దాన్ని నెట్టకండి, ఫెవిక్విక్ పూసి లాగే ప్రయత్నం అసలే వద్దు. ఆ జిగురు రేకులకు అంటితే బ్యారెల్ పనికిరాదు. ముక్క తీయడానికి కొక్కెం ఉన్న సన్నటి పనిముట్టు తాళాలు చేసేవాళ్ళ దగ్గర ఉంటుంది. ఆ రెండు ముక్కలూ పారేయకండి, కొత్త కీ కోయడానికి, చిప్పును కొత్త కీలోకి మార్చడానికి పనికొస్తాయి.

మీ పత్రిక ద్వారా ఇద్దరిని కోరుతున్నాం. డ్రైవింగ్ స్కూళ్ళ వాళ్ళు క్లచ్, గేరు నేర్పే మొదటి రోజునే బండిని ఆపి, కీ తీసి, స్టీరింగ్ లాక్ వేసి, దాన్ని విడిపించడం నేర్చుకునేవాళ్ళ చేతే చేయించాలి. ఐదు నిమిషాలు చాలు. పాత కార్లు అమ్మేవాళ్ళు రెండు కీలూ, నంబరు బిళ్ళా కొనేవాళ్ళ చేతిలో పెట్టాలి. కారు దొంగతనమైతే ఇన్సూరెన్స్ కంపెనీలు రెండు కీలూ అడుగుతాయి, ఒక్కటే చూపిస్తే క్లెయిము చిక్కుల్లో పడుతుంది. కొనేవాళ్ళు కూడా డబ్బు ఇచ్చే ముందు రెండు కీలతోనూ విడివిడిగా డోరు తీసి, స్టీరింగ్ లాక్ చేసి, విడిపించి, ఇంజన్ స్టార్ట్ చేసి చూసుకోవాలి.

ఇట్లు,
కార్ల తాళాలు, ఎలక్ట్రికల్ పని చేసే మెకానిక్‌లం,
హైదరాబాద్