పరాయి భాషకు తెలుగే దగ్గరి దారి

సంపాదకుడు గారికి,

నమస్కారం. నర్సింగ్ చదివిన మా చెల్లెలి కూతురు ద్వారకానగర్‌లో ఒక శిక్షణ కేంద్రంలో జర్మన్ నేర్చుకుంటూ, మూడు నెలలు తిరక్కుండానే ఇక తన వల్ల కాదని చేతులెత్తేసింది. నోట్‌బుక్ తీసి చూస్తే, "మియ ఇస్ట్ కాల్ట్" అన్న వాక్యం కింద ఇంగ్లిష్‌లో "ఐ యామ్ కోల్డ్" అని రాసి, "మియ" పక్కన ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం పెట్టుకుంది. "మియ" అంటే "నాకు". అంటే ఆ వాక్యం మనం రోజూ అనే "నాకు చలిగా ఉంది" తప్ప మరొకటి కాదు. "ఎస్ గెఫెల్ట్ మియ" అన్నా "అది నాకు నచ్చింది" అనే. ఇంగ్లిష్ "నేను" అని ఎత్తుకునే ఇలాంటి చోట జర్మన్, తెలుగు రెండూ "నాకు" అంటాయని చెప్పగానే ఆ అమ్మాయి ముఖం విప్పారింది. జపనీస్ మనకు మరీ దగ్గర: క్రియ వాక్యం చివరే, విభక్తి నామం వెనకే. ఇంత దగ్గరి దారి ఉండగా, తెలుగు పిల్లలను ఇంగ్లిష్ మీదుగా చుట్టు తిప్పడం నాకు బాధ కలిగిస్తోంది.

ఇంట్లో లక్సెంబర్గిష్ మాట్లాడే లక్సెంబర్గ్ పిల్లలకు బడిలో చదవడం, రాయడం సంప్రదాయంగా దాని దాయాది భాష అయిన జర్మన్‌లో మొదలై, ఆ పునాది మీద ఫ్రెంచ్ నిలబడుతుంది. మాతృభాషకు తోడు చిన్ననాటి నుంచే మరి రెండు భాషలు నేర్పాలని ఐరోపా సమాఖ్య దేశాల అధినేతలు 2002లో బార్సిలోనాలో పిలుపునిచ్చారు. ఫిన్లాండ్ 2020 నుంచి ఒకటో తరగతిలోనే తొలి పరభాషను మొదలుపెట్టింది. ఇంగ్లండ్ మాత్రం 2004లో పద్నాలుగేళ్లు దాటినవారికి పరభాషను ఐచ్ఛికం చేయగా, ఆ పరీక్షలు రాసేవారు బాగా తగ్గిపోయారు. తెలుగును, ఇంటి భాషను పక్కకు నెట్టే మన తొందర అంతకంటే నష్టం. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి గారు మన ఉత్తరాంధ్రవారే కదా.

జాతీయ విద్యావిధానం 2020 ఉన్నత పాఠశాల స్థాయిలో జర్మన్, జపనీస్, కొరియన్ వంటి భాషలకు వీలు కల్పించింది. కాబట్టి మన నగరపాలక సంస్థ ఉన్నత పాఠశాలల్లో కొన్నింటిలోనైనా, తెలుగు పీరియడ్ ఒక్కటీ కోయకుండా, వాటిలో ఒక భాషను ఐచ్ఛికంగా మొదలుపెట్టాలనీ, ఆ వాక్య నిర్మాణాన్ని తెలుగుతో పోల్చి చెప్పే వాచకాన్ని తయారుచేసే పని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అప్పగించాలనీ అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విశాఖపట్నం