మందు ఘనత సరే, ఫార్మలిన్ డబ్బా సంగతేమిటి?

సంపాదకులకు,

క్యాన్సర్ పరిశోధన చేసే డాక్టర్ల మీద వచ్చే వ్యాసాల్లో మందుకు దక్కే చోటు పరీక్షకు దక్కదు. అమెరికా క్యాన్సర్ వైద్యుడు డెనిస్ స్లేమన్ పేరెత్తితే హెర్-2 ఎక్కువున్న రొమ్ము క్యాన్సర్‌కిచ్చే ట్రాస్టుజుమాబ్ మందు, 1998లో అమెరికాలో దానికొచ్చిన అనుమతి, అంతే. అసలు మలుపు 1987లో ఉంది. 189 రొమ్ము కణితులను పరీక్షించిన స్లేమన్ బృందం, దాదాపు 30 శాతంలో కణాల పెరుగుదలను నడిపే హెర్-2 జన్యువు ప్రతులు రెండు నుంచి ఇరవై రెట్లకు పైగా పెరిగాయని, ఆ రోగుల్లో జబ్బు త్వరగా తిరగబెడుతోందని చూపింది. దాచిన కణితి ముక్క, ఆ రోగి తర్వాత ఎలా ఉందో చెప్పే కేసు షీటు రెండూ ఉండబట్టే ఆ లెక్క తేలింది.

ఈ మందు ఎవరికివ్వాలో ఇప్పటికీ ఆ ముక్కే చెప్పాలి. అదేమో చాలాసార్లు ల్యాబ్‌కు చేరకముందే పాడవుతుంది. కోసిన గంటలోపు కణాలు చెడకుండా నిలిపే 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో పడాలి, ముక్కకు పదింతల ద్రవం ఉండాలి. తీసిన రొమ్మును కోయకుండా సన్న మూతి డబ్బాలో కుక్కితే, గంటకు సుమారు మిల్లీమీటరు చొప్పున ఇంకే ఫార్మలిన్ నడిమి కణితిని అందుకునేలోపే అక్కడ కణాలు చెడతాయి. అందుకే 5 మి.మీ. మందాన చీల్చి, చీలికల మధ్య గాజుగుడ్డ పెట్టాలి. నానాల్సింది 6 నుంచి 72 గంటలు. సూది బయాప్సీ సన్నదే కదా అని రెండు గంటలకే తీసేస్తుంటారు. ఫార్మలిన్ ఇంకడం వేరు, ప్రోటీన్లు బిగుసుకోవడం వేరు. ఎముక ముక్కను ఘాటు ఆమ్లంలో మెత్తబరిస్తే డీఎన్‌ఏ తునకలై, జన్యువు ప్రతులు లెక్కించే ఫిష్ పరీక్షకు పనికిరాదు; ఎముకలో కాల్షియం తీసే ఈడీటీఏ ద్రావణం నిదానమే గానీ నయం.

హెర్-2 ప్రోటీన్‌కు రంగు పట్టించి చూసే పరీక్షలో స్కోరు 3 ప్లస్ అంటే పాజిటివ్, 2 ప్లస్ అయితే ఫిష్ చేసి తేల్చాలి. చెడిన ముక్కలో స్కోరు తగ్గొచ్చు, అంచున రంగు పేరుకుని లేనిది ఉన్నట్టూ కనిపించొచ్చు. రెండోది జరిగితే అక్కర్లేనివాళ్లకు మందు పడుతుంది, అది చిన్న తప్పేం కాదు: 2001లో వెలువడిన 469 మంది ట్రయల్‌లో, ఆంత్రాసైక్లిన్ రకం కీమో మందుతో కలిపి ఈ మందు తీసుకున్నవారిలో 27 శాతం మందికి గుండె పనితీరు దెబ్బతింది.

రిక్వెస్టు ఫారంలో రెండు గళ్లు చేరిస్తే చాలు: ముక్క తీసిన టైము, ఫార్మలిన్‌లో వేసిన టైము. అవి ఖాళీగా వచ్చిన నమూనా నెగటివ్ అని తేలితే, రిపోర్టు మీద సంతకం పెట్టేముందు అదే కణితి నుంచి మైనంలో పోసిన మరో బ్లాకులోనో ఫిష్‌తోనో సరిచూడాలి.

– ఒక పెథాలజిస్టు