బంగారం బదులు కార్బన్: కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. రెండేళ్లుగా మా విద్యార్థులతో కలిసి పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్స్ తయారు చేస్తున్నాను, అంటే మామూలు సిలికాన్ బదులు పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థంతో చేసే సెల్స్. ఈ సెల్స్‌కి వెనకవైపు ఎలక్ట్రోడ్‌ని (కరెంటుని బయటికి తీసుకునే పొరని) బంగారం బదులు కార్బన్ పేస్టుతో వేయొచ్చు, ఆ పద్ధతి ల్యాబ్ దాటి బయటికి రావడానికి మీ శాఖ సాయం కావాలి. అందుకే ఈ లేఖ.

2009లో జపాన్‌లో మియసాకా బృందం మొదటిసారి చేసినప్పుడు ఈ సెల్ సామర్థ్యం, అంటే పడిన వెలుగులో కరెంటుగా మారే వాటా, 3.8 శాతం, ఇప్పుడు ల్యాబ్ రికార్డులు 26 శాతం దాటాయి. కానీ ఆ రికార్డు సెల్స్ చాలావరకు గోరంత సైజువి, వాటి వెనక ఉండేది బంగారమో వెండో. బంగారం పూత వేయాలంటే వాక్యూమ్ ఛాంబర్ కావాలి. పైగా 70 డిగ్రీల వేడి తగిలితే బంగారం మెల్లగా లోపలికి పాకి సెల్‌నే పాడు చేస్తుంది, మన ఎండాకాలంలో డాబా మీది ప్యానెల్ ఆ వేడికి చేరడం పెద్ద విషయం కాదు.

కార్బన్‌కి ఆ గొడవ లేదు. గ్రాఫైట్, కార్బన్ బ్లాక్ (మసి లాంటి పొడి), కొంచెం బైండర్ (జిగురు) కలిపి పేస్టు చేసి, శుభలేఖలు అచ్చేసే స్క్రీన్ ప్రింటింగ్ పద్ధతిలోనే వేయొచ్చు. మా ఊళ్లో శుభలేఖల షాపాయన్ని పిలిస్తే, స్క్వీజీ (పేస్టుని లాగే రబ్బరు పట్టీ) ఏ కోణంలో పట్టుకోవాలో మా పిల్లలకి అరగంటలో నేర్పించేశాడు! కార్బన్ పొర తేమని కూడా ఆపుతుంది. 2014లోనే చైనాలోని వుహాన్ బృందం ఇలాంటి సెల్‌తో 12.8 శాతం సామర్థ్యం సాధించింది, అది మామూలు గాలిలో, పూర్తి వెలుగులో వెయ్యి గంటలకు పైగా నిలిచింది.

లోపాలూ చెప్పాలి. కార్బన్‌లో కరెంటు బంగారంలో ప్రవహించినంత తేలిగ్గా ప్రవహించదు, అందుకే సామర్థ్యం కొంత తగ్గుతుంది, సెల్ సైజు పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది. పెరోవ్‌స్కైట్‌లో సీసం ఉంటుంది కాబట్టి సీలింగ్ గట్టిగా ఉండాలి. ఇవన్నీ పెద్ద సైజులో చేసి, ఎండావానల్లో పెట్టి చూస్తేనే తేలే విషయాలు.

ఇబ్బందల్లా అక్కడే. మా సెల్స్‌ని 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో ఎంతకాలం నిలుస్తాయో చూసే పరీక్షకి పంపితే మా వంతు రావడానికే నాలుగు నెలలు పట్టింది, ఈలోపు ఆ సెల్స్ చేసిన అమ్మాయి చదువైపోయి వెళ్లిపోయింది. హైదరాబాద్ బాలాపూర్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ మీ శాఖ కిందదే, కార్బన్ ఎలక్ట్రోడ్ పెరోవ్‌స్కైట్ సెల్స్ మీద అక్కడ మంచి పని జరిగింది. అక్కడే ఈ సెల్స్ పెద్ద సైజులో చేసి చూసేందుకు ఒక ప్రింటింగ్ పైలట్ లైన్ పెట్టి కాలేజీలకీ చిన్న కంపెనీలకీ అద్దెకివ్వండి. రామగుండం ఎండలో ఒకటి, విశాఖ ఉప్పుగాలిలో ఒకటి టెస్ట్ యార్డులు పెట్టి, రీడింగులు అందరికీ కనిపించేలా ఉంచండి. 2025లో కేబినెట్ ఆమోదించిన లక్ష కోట్ల రూపాయల ఆర్‌డీఐ (పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ) పథకం ఉంది, సంతోషమే, కానీ చేతిలో టెస్ట్ డేటా లేని చిన్న కంపెనీ దాని గడప ఎలా తొక్కుతుంది?

మా సెల్ ఒకటి మార్చి నుంచి కాలేజీ డాబా మీద ఎండలోనే ఉంది. రోజూ మధ్యాహ్నం పిల్లలు మల్టీమీటర్ పెట్టి రీడింగ్ రాసుకుంటున్నారు. ఆ నోట్‌బుక్ కాపీ ఈ లేఖతో పాటు మీ ఆఫీసుకి పంపుతున్నాను.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ లెక్చరర్