హాల్‌స్టాట్ స్విట్జర్లాండ్‌లో లేదు

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో వేసవి సెలవులకు యూరప్ ఎలా వెళ్లాలో రెండు పేజీలు వేశారు. బొమ్మలు బాగున్నాయి. కాకపోతే సరస్సు ఒడ్డున సూదిలాంటి చర్చి, వెనకాల నిట్టనిలువు కొండ ఉన్న పెద్ద ఫొటో కింద 'స్విట్జర్లాండ్ సోయగం' అని రాశారు చూడండి, అది స్విట్జర్లాండ్ కాదు, ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్. సరిగ్గా అక్కడే మా ఆవిడను నిలబెట్టి ఫొటో తీశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నా. సరే, ఫొటో పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, దానికోసం ఉత్తరం రాసే ఓపిక నాకు లేదు. దాని పక్కనే డబ్బా కట్టి మరీ 'పది రోజుల్లో ఐదు దేశాలు' అని సలహా ఇచ్చారే, నా బాధంతా దాంతోనే.

నేను నల్లగొండలో ఉంటాను, సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయిన పంతుల్ని. పోయినేడాది మే నెలలో నేనూ మా ఆవిడా ఆస్ట్రియా వెళ్లి 11 రోజులు ఉండి వచ్చాం. ఆ ఒక్క దేశమే. తిరిగొచ్చాక చుట్టాలు మొదట అడిగింది 'అంత ఖర్చు పెట్టుకొని పోయి పారిస్ చూడలేదా' అని. చూడలేదు. మా మేనకోడలు జర్మనీలో ఎమ్మెస్ చేస్తూ ఫోన్లో అక్కడి కొండలు, రైళ్లు చూపించి ఊరించేది, అందుకే పోతే జర్మన్ మాట్లాడే దేశానికే పోదామని ముందే అనుకున్నాం. జర్మనీ పెద్దది, మా మోకాళ్ల వల్ల కాదు. స్విట్జర్లాండ్ ధరలు వింటేనే గుండె దడ. ఆస్ట్రియా మన తెలంగాణ కంటే చిన్నది, దాదాపు 84 వేల చదరపు కిలోమీటర్లు, జనం 90 లక్షల పైచిలుకు. రాజధాని వియన్నాలో రైలెక్కితే రెండున్నర గంటల్లో సాల్జ్‌బర్గ్‌లో దిగొచ్చు, అంటే మేం నల్లగొండలో బస్సెక్కి హైదరాబాద్ ట్రాఫిక్ దాటి కూకట్‌పల్లి చేరేంత సేపు.

వీసా గురించి మీ వ్యాసంలో ఒక్క వాక్యం ఉంది, 'షెంజెన్ వీసా తీసుకుంటే చాలు' అని, యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా అది. అక్కడే మేం దెబ్బతిన్నాం. మా టౌన్‌లోనే ఒక ట్రావెల్ ఏజెంట్, 'సార్, అన్ని దేశాలకూ ఒకటే వీసా, స్విట్జర్లాండ్‌కు పెడితే తొందరగా వస్తుంది, లెటర్ నేను రాస్తా' అని ఇద్దరికీ కలిపి సర్వీస్ చార్జీ ముందే పట్టేశాడు. మాకేం తెలుసు, సరే అన్నాం. తెల్లవారుజామున బస్సెక్కి హైదరాబాద్‌లోని వీసా కేంద్రానికి పోతే, కౌంటర్లో అమ్మాయి ఫైలు తిరగేసి 'అంకుల్, మీ గదులన్నీ ఆస్ట్రియాలో ఉన్నాయి, దరఖాస్తేమో స్విస్‌కు పెట్టారేంటి' అంది. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలట, రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. ఇంతే రూలు. మళ్లీ అపాయింట్‌మెంట్ దొరకడానికి మూడు వారాలు పట్టింది, ఏజెంట్ తన చార్జీ మాత్రం వాపస్ ఇవ్వలేదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు, మేం జనవరిలోనే మొదలుపెట్టాం కాబట్టి బతికిపోయాం. పెద్దవాళ్లకు తలా 90 యూరోల ఫీజు, వీసా కేంద్రం వాళ్ల చార్జీ వేరే, కనీసం 30 వేల యూరోల వైద్య ఖర్చులకు సరిపోయే ఇన్సూరెన్స్ ఉండాలి, తిరిగి బయల్దేరే తేదీ తర్వాత కూడా పాస్‌పోర్టుకు మూడు నెలల గడువు మిగిలి ఉండాలి. ఈ నాలుగు ముక్కలు మీరు వేసి ఉంటే బాగుండేది, ప్యాలెస్ ఫొటో ఒకటి తగ్గినా ఎవరూ అడగరు.

సామాను సర్దుడు ఇంకో కథ. సకినాలు, చింతకాయ తొక్కు, కందిపొడి అన్నీ సర్ది మా ఆవిడ చివర్లో నెయ్యి డబ్బా పెట్టింది. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకుపోకూడదని మేనకోడలు ఫోన్లో చెబితే అరగంట నమ్మలేదు. 'నెయ్యి ఏం పాపం చేసింది' అంటుంది. కోవా కూడా అంతే. మే నెల కదా అని ఒక పెట్టె మామిడిపండ్లు కూడా కట్టించింది, అవీ ఆగిపోయాయి. తాజా మామిడిపండ్లకు, కరివేపాకుకు కూడా అక్కడ ధ్రువపత్రం అడుగుతారు. తొక్కు మాత్రం క్షేమంగా వియన్నా చేరింది.

శనివారం రాత్రి దిగాం. ఆదివారం పొద్దున పాలప్యాకెట్ కోసం వీధిలోకి పోతే మన దగ్గర బంద్ పిలుపిచ్చిన రోజులాగా షట్టర్లన్నీ కిందికి దించి ఉన్నాయి. ఏమైందో ఏమోనని కొంచెం టెన్షన్ పడ్డాను కూడా. ఆదివారం అక్కడ సూపర్ మార్కెట్లు తెరవరు, అది చట్టం. చివరికి పెద్ద రైల్వే స్టేషన్లో ఉండే కొట్టు తెరిచి ఉంటుందని గది యజమానురాలు చెప్తే ట్రామ్ ఎక్కి పోయి బియ్యం, పెరుగు తెచ్చుకున్నాం. వంటిల్లున్న గది తీసుకోవడం మేం చేసిన మంచి పని, శాకాహారులకైతే మరీ. బయట తిందామంటే రొట్టె, జున్ను, బంగాళాదుంప, ఆపిల్ పెట్టి చుట్టిన తీపి రొట్టె, వీటి చుట్టే తిరుగుతుంది మెనూ అంతా.

ఆ రెండు పేజీల్లో వియన్నాలోని షోన్‌బ్రున్ ప్యాలెస్ గురించి చాలానే రాశారు, 1,441 గదులని. నిజమే, కానీ మనకు చూపించేవి ఓ నలభై. తోట ఉచితం, మా ఆవిడకు తోటే నచ్చింది.

నాకు నచ్చింది సెమ్మరింగ్ రైలు మార్గం. వియన్నా నుంచి దక్షిణంగా పోతే వస్తుంది, 41 కిలోమీటర్లు, 1848లో మొదలుపెట్టి 1854లో పూర్తిచేశారు, డైనమైట్ ఇంకా పుట్టని కాలం. దాదాపు 20 వేల మంది కూలీలు కొండల్లో 14 సొరంగాలు తవ్వి, 16 పెద్ద రాతి వంతెనలు కట్టారు, కొన్ని వంతెనలు రెండంతస్తులవి. కార్ల్ ఘెగా అనే ఇంజనీరు పేరు అందరూ చెప్తారు. రైలు ఒక మలుపు తిరిగినప్పుడు కిటికీలోంచి ముందు పెట్టెలు కనపడ్డాయి, కింద రెండు వరుసల రాతి కమానులు, వాటి కింద లోయ, ఆ రాళ్ల వరుస చూస్తే నాకు నాగార్జున సాగర్ గుర్తొచ్చింది. అదీ రాతి కట్టడమే, తట్టలు మోసింది మన చుట్టుపక్కల జనమే. పాలమూరు కూలీలు కట్టని డ్యామ్ దేశంలో లేదంటారు, ఈ కమానులు మోసినవాళ్లది ఏ ఊరో అనుకున్నాను. వచ్చేటప్పుడు అదే దారిలో కావాలని మెల్లగా పోయే రైలెక్కాం. ఐదు దేశాల బస్సులో ఇది కుదురుతుందా చెప్పండి.

నీళ్ల సంగతి చెప్పకుండా ఉండలేను. మా సొంతూరు మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ అంటే మాకు పేపర్లో చదివే వార్త కాదు, మా అన్న నలభై ఏళ్లకే నడుం వంగి కర్ర పట్టాడు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పిల్లల పళ్లు తెల్లగా కనిపిస్తున్నాయి గానీ, కొత్త చోటికి పోతే ముందు నీళ్ల గురించే అడగడం మా ఇద్దరికీ అలవాటైపోయింది. వియన్నాలో గది యజమానురాలిని తాగే నీళ్లు ఎక్కడ కొనాలి అని అడిగితే ఆమె వింతగా చూసి వంటింటి కుళాయి తిప్పింది. చేయి పెడితే మే నెలలో కూడా వేళ్లు జివ్వుమన్నాయి. ఆల్ప్స్ కొండల ఊటల నుంచి 1873లో వేసిన ఒక కాలువలో, 1910లో వేసిన ఇంకో కాలువలో ఆ నగరానికి ఇప్పటికీ నీళ్లు అలాగే వస్తాయి, మోటార్లు పెట్టి తోడే పని లేకుండా పల్లానికి వాటంతటవే. మొదటిది కట్టాలని పట్టుబట్టిన వాళ్లలో ఎడ్వర్డ్ సూస్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఉన్నాడు. పూర్వం ఇండియా, ఆఫ్రికా కలిసి ఉన్న గోండ్వానా భూభాగం అని పిల్లలకు ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, ఆ పేరు వ్యాప్తిలోకి తెచ్చింది ఈయనే. మన గోండుల పేరు ఎక్కడికి పోయి కూర్చుందో చూడండి. కాఫీ హౌస్‌లో కాఫీ అడిగితే చిన్న ట్రేలో పక్కనే గ్లాసుడు నీళ్లు, ఆ గ్లాసు మీద చెంచా బోర్లించి పెట్టి ఇచ్చారు, నీళ్లకు డబ్బులు లేవు. మా ఆవిడ కాఫీ పక్కకు జరిపి ముందు నీళ్లు తాగింది.

సాల్జ్‌బర్గ్ అంటే ఉప్పు కోట అని అర్థం, కొండ మీద 1077లో మొదలుపెట్టిన కోట ఉంది, కింద నుంచి చూస్తే మన భువనగిరే గుర్తొస్తుంది, కాకపోతే వాళ్లు 1892లోనే పైకి తాడుతో లాగే బండి పెట్టుకున్నారు. మోజార్ట్ పుట్టిన ఊరు కాబట్టి చాక్లెట్ల మీద కూడా ఆయన బొమ్మే. అక్కడి మిరాబెల్ తోటలో హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక బస్సు బృందం కనపడింది. తెలుగు వినపడగానే పలకరించాం. 'నిన్న మ్యూనిక్, రేపు పొద్దున వెనిస్' అని చెప్పి ఒక పెద్దాయన మెల్లగా నన్ను పక్కకు పిలిచి, 'ఇంతకీ ఇది ఏ ఊరండీ' అని అడిగాడు. ఆయన్ని ఎగతాళి చేయడానికి రాయట్లేదు. పొద్దున 6 గంటలకు లేపి రోజుకు 500 కిలోమీటర్లు తిప్పితే ఎవరికైనా ఊరి పేరు గుర్తుంటుందా. ఆయన కాళ్లు వాచి ఉన్నాయి, చెప్పుల పట్టీలు వదులు చేసుకున్నాడు.

హాల్‌స్టాట్‌లో మేం ఒక రాత్రి ఉన్నాం. స్టేషన్ సరస్సుకు ఇవతల, ఊరు అవతల, దిగగానే పడవెక్కాలి. ఎనిమిది వందల మంది కూడా లేని ఊరు, సీజన్లో రోజుకు పది వేల మంది దాకా వస్తారు. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం దాకా మన యాదగిరిగుట్టలో ఆదివారం రద్దీయే, గొంతులు తగ్గించమని బోర్డులున్నాయి, 2023లో ఆ ఊరివాళ్లు రోడ్డెక్కారు కూడా. చైనాలో ఆ ఊరిని అచ్చంగా నకలు కట్టుకున్నారంటే మోజు ఎంతుందో చూడండి. ఆరింటికి బస్సులన్నీ పోయాక వీధిలో మేమిద్దరం, ఒక పిల్లి, సరస్సు. మర్నాడు పొద్దున్నే కొండవైపున్న ఇంకో చర్చి వెనకాల ఎముకల గదికి వెళ్లాను. కొండకూ సరస్సుకూ మధ్య శ్మశానానికి చోటు లేక, కొన్నేళ్లకు పాత సమాధులు తవ్వి, పుర్రెలు ఎండలో ఆరబెట్టి, నుదుటి మీద పేరు రాసి పూలు, ఆకులు గీసి వరుసగా పేర్చేవాళ్లు. దాదాపు 1,200 పుర్రెలు, సగం దాకా రంగులు వేసినవే. మా ఆవిడ గుమ్మం దాటలేదు, బయటే నిలబడి 'స్నానం చేశాకే గదిలోకి రా' అంది.

మీ పేజీలు చూసి డబ్బు కట్టేవాళ్లు ఉంటారు సంపాదకులు గారూ, అందుకే అడుగుతున్నా. ఈసారి యూరప్ గురించి వేస్తే ఒక్క దేశం తీసుకోండి, వీసా ఎవరికి పెట్టాలి, ఆదివారం ఏం తినాలి, ఒక ఊళ్లో గది తీసుకొని చుట్టుపక్కల రైల్లో ఎన్ని చూసి రావచ్చు అన్నది రాయండి. వియన్నాలో స్టేషన్లో గేట్లు ఉండవు, మధ్యలో చెకింగ్ వాళ్లు వస్తే చెల్లే టికెట్ చూపించాలన్న సంగతి కూడా.

మా తోడల్లుడు మీ వ్యాసం పట్టుకొని సోమవారమే ఒక ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టేశాడు. వాళ్లిచ్చిన కాగితం నా ముందే ఉంది. ఏడో రోజు, సాల్జ్‌బర్గ్, ఫొటో స్టాప్, 45 నిమిషాలు. ఎనిమిదో రోజు హాల్‌స్టాట్ అని ఉంది, దాని ఎదురుగా మాత్రం 'సమయం ఉంటే'.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నల్లగొండ