కాళ్ళు కదిలాయా అని అడగొద్దు

పాపా,

ఫోన్లో చెబుదామంటే తమ్ముడు పక్కనే ఉంటాడు, అందుకే రాస్తున్నా. ఉద్యోగం మానేసి కడపకు వచ్చేస్తానని మీ నాయనతో అన్నావంట. వద్దు. నీ జీతం కోసం అనడం లేదు. నువ్వొచ్చి ఇంట్లో కూర్చుంటే, నా వల్లే అక్క బతుకు ఆగిపోయిందని వాడు కుమిలిపోతాడు. ఉన్నవి చాలవన్నట్టు అదొకటి! ఉగాదికి రా, నాలుగు రోజులుండి పో. వచ్చినప్పుడు వాడితో ఎట్లా ఉండాలో చెప్పాలనే ఈ ఉత్తరం.

ఫోన్ చేసిన ప్రతిసారీ "కాళ్ళు కదిలాయా?" అని అడుగుతున్నావు. "ఇంకా లేదక్కా" అంటాడు. ఆ పూట ఇక ఎక్సర్‌సైజ్ జోలికి పోడు. వేలూరులో డాక్టర్లు మన దగ్గర ఏదీ దాచలేదు కదా. నడుం దగ్గర వెన్నుపాము నలిగింది, కొంత కదలిక వస్తే రావచ్చు, రాకనూ పోవచ్చు అన్నారు. రోజూ పరీక్ష పెట్టినట్టు అడిగితే వాడేం చెబుతాడు? "ఈ రోజు ఏం చేశావురా" అని అడుగు, చాలా చెబుతాడు. కాళ్ళకు కాలిపర్లు, అవే ఆ ఆధారపు పట్టీలు, బిగించుకుని, వరండాలో నాయన వేయించిన పైపుల మధ్య నిలబడి, చేతుల బలంతో నడుం ఊపుతూ అడుగులు వేస్తున్నాడు. ఇది నడకా అమ్మా అంటాడు. నేను వాదన పెట్టుకోను. నిలబడితే కాళ్ళు బిగుసుకుపోవని ఫిజియో అమ్మాయి చెప్పింది, నాకది చాలు.

సంక్రాంతికి వచ్చినప్పుడు వాడు కుర్చీలోకి జరుగుతుంటే ఉండబట్టలేక చంకల కింద చేతులేసి లేపబోయావు. ఈసారి ఆ పని చేయొద్దు. చక్రాలకు బ్రేకు వేస్తాడు. నున్నటి చెక్కను తొడ కిందికి తోస్తాడు. పిడికిలి పరుపుకు ఆనించి ఒళ్ళంతా లేపి, కాస్త జరిగి, మళ్ళీ లేపుతాడు. మెడ నరాలు ఉబ్బుతాయి. చివరికి కాళ్ళను ఒక్కొక్కటే చేత్తో ఎత్తి కుర్చీ మెట్టు మీద పెట్టుకుంటాడు. అంతసేపూ నేను వంటింట్లోకి పోయి ఏదో ఒక గిన్నె తోముతుంటా, లేకుంటే నా చేతులు ఊరుకోవు. పడితే ఎట్లా అంటావేమో. ఒకసారి పడ్డాడు కూడా. కింద నుంచి ఎట్లా లేవాలో అది కూడా వేలూరులో నేర్పించే పంపించారు.

నువ్వు నిజంగా చేయగలిగిన సాయం వేరే ఉంది. నడుం కింద స్పర్శ లేదు కాబట్టి కాలినా, ఒరుసుకున్నా వాడికి తెలియదు. వేడి పళ్ళెం ఒళ్ళో పెట్టొద్దు. మన ఎండల సంగతి తెలుసు కదా, కుర్చీ బయట ఉంచితే ఇనుము కాలిపోతుంది, నీడకు లాగు. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒకసారి చేతుల మీద ఒళ్ళు లేపాలి, లేకుంటే పిరుదుల దగ్గర పుండు పడుతుంది. పుండు పడితే నెలల తరబడి బోర్లా పడుకోవాల్సిందే. ఇద్దరూ కూర్చుని సినిమా చూసేటప్పుడు మర్చిపోతాడు, మోచేత్తో ఒక పోటు పొడువు. యూరిన్ ట్యూబు టైము వాడే చూసుకుంటాడు. తలుపు వేసుకుంటే ఎందుకని అడగొద్దు, అంతే.

మొక్కుల విషయం. తమ్ముడు నడిస్తే తిరుపతికి నడిచి వస్తానని మొక్కుకున్నావంట. దేవుడికి మొక్కడం తప్పని నేనెట్లా అంటాను? కానీ ఆ మొక్కు వాడి కాళ్ళ మీద పెట్టొద్దు. అది తీరలేదని వాడు నీ ముఖం చూడలేకపోతున్నాడు. నేను దేవుని కడప వెంకన్న గుడికి పోతే ఇప్పుడు అడిగేవి చిన్నవే: ఈ నెల యూరిన్ ఇన్ఫెక్షన్ రాకూడదు, పుండు పడకూడదు, పిల్లోడు రాత్రి నిద్రపోవాలి. పెద్ద దర్గా నుంచి పక్కింటి ఆమె తాయెత్తు తెచ్చి కడితే వద్దనలేదు. పుత్తూరు కట్టు కట్టించాల్సింది అన్న మీ మామకు మాత్రం చెప్పేశా, అది విరిగిన ఎముకకు గానీ నలిగిన నరానికి కాదని.

జేజి సంగతి చెబితే నమ్మవు. గడప ఎత్తుగా ఉండి కుర్చీ దాటడం లేదని నాయన తీసేయిద్దామన్నాడు. లక్ష్మీదేవి ఉండే చోటని ఆమె గొడవ చేస్తుందని నాకు ఒకటే టెన్షన్. ఆమె నోరెత్తలేదు. ఇప్పుడు శుక్రవారం పూట పసుపు కుంకుమలు ద్వారబంధానికి రెండు పక్కలా పెడుతోంది. కుర్చీ వాకిట్లోకి దిగడానికి వాలు కూడా కట్టించాం. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలంట. వాకిలి చాలక మలుపు తిప్పి కట్టారు.

వేలూరు బాగాయంలో వాడికి ఇవన్నీ నేర్పించిన ఆ రీహాబ్ పెట్టిన డాక్టరమ్మ మేరీ వర్గీస్ గురించి వాడు నీకు చెప్పాడా? 1954లో కారు ప్రమాదంలో ఆమెకూ వెన్ను దెబ్బతింది. తర్వాత చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. 1966లో ఆ రీహాబ్ మొదలైంది. ఆమె కాళ్ళకు మళ్ళీ బలం రాలేదు. అక్కడ ఆమె ఫోటో ముందు వాడు చాలాసేపు ఆగాడు. నేను ఏమీ అనలేదు, వాడూ అనలేదు. ఆ వారమే డిగ్రీ పుస్తకాలు తెప్పించమన్నాడు.

వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్ చేతికొచ్చింది. 2016 చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, పై చదువుల సీట్లలో 5 శాతం వికలాంగులకు ఉంటాయని నాయన కనుక్కున్నాడు. నోటిఫికేషన్లు నువ్వు చూడు, ఆ కంప్యూటర్ పనులు మాకు రావు. ఫారం మాత్రం వాడితోనే నింపించు.

ఉగాది రోజు దేవుని కడపకు వాడూ వస్తానన్నాడు. వెంకన్నను పెళ్ళాడిన బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ అంటూ ముస్లింలు కూడా వస్తారు కదా, జనం ఎక్కువ. తెల్లవారకముందే పోదాం. కుర్చీ వాడు అడిగితేనే తోయి. హైదరాబాద్‌లో సైకిల్ తొక్కేవాళ్ళు వేసుకునే గ్లౌజులు దొరుకుతాయంట, ఒక జత తీసుకురా, చక్రం తిప్పీ తిప్పీ అరచేతులు కాయలు కాశాయి. బక్ష్యాలు మాత్రం వాడికి రెండుకు మించి పెట్టను, బరువు పెరిగితే ఒళ్ళు లేపడం కష్టమంట. నువ్వు దొంగచాటుగా పెట్టొద్దు.

మీ అమ్మ